మాల్టా వెళ్తున్నారా? కట్టడాలకు తేదీ వేసుకోండి, సముద్రానికి వద్దు

మాల్టా వెళ్లొచ్చిన మనవాళ్లు చెప్పుకునే బాధలు ఎక్కువగా రెండు. ఒకటి, హైపోజియం అనే భూగర్భ సమాధులకు టికెట్ దొరకలేదు. రెండోది, బీచ్‌కి పెట్టుకున్న రోజే ఎర్రజెండా ఎగిరింది. ఈ రెండూ దురదృష్టం వల్ల వచ్చినవి కావు, పనుల వరుస తప్పడం వల్ల వచ్చినవి. తేదీ వేసి ముందే కొనాల్సినదాన్ని అక్కడికెళ్లి చూద్దామని వదిలేస్తారు. గాలిని చూసి అప్పటికప్పుడు తేల్చుకోవాల్సినదాన్ని మూడు నెలల ముందే కాగితం మీద రాసేసుకుంటారు.

దీవి చిన్నది. మాల్టా, గోజో, కొమీనో మూడూ కలిపి 316 చదరపు కిలోమీటర్లే. ఐదు పూర్తి రోజులుంటే బీచ్‌లు, కట్టడాలు, రాత్రి సందడి మూడూ తీరుబడిగా చూడొచ్చు. అందుకు ఏది ముందు, ఏది తర్వాత అన్నది కింద ఉంది.

## 1. నెల ఎంచుకోవడం

సముద్రస్నానం ముఖ్యమైతే జూన్ లేదా సెప్టెంబర్. నన్నడిగితే సెప్టెంబరే. నీళ్లు ఆగస్టు వేడిని ఇంకా పట్టుకునే ఉంటాయి, స్కూళ్ల సెలవుల రద్దీ మెల్లగా తగ్గుతుంటుంది.

కట్టడాలే ముఖ్యమైతే ఏప్రిల్, మే, అక్టోబర్. అక్టోబర్‌లో వానలు మొదలవుతాయి గానీ చాలా రోజులు ఈత కొట్టేలాగే ఉంటాయి.

జూలై, ఆగస్టుల్లో 'మన ఎండలు చూసినవాళ్లకు అదొక ఎండా' అనుకోకండి. ఆ రాతి దీవిలో నీడనిచ్చే చెట్లు తక్కువ, సున్నపురాయి గోడలు వేడిని తిరిగి మన మీదికే కొడతాయి. మధ్యాహ్నం గుళ్ల శిథిలాల మధ్య నిలబడటం కష్టం.

డిసెంబర్ నుంచి మార్చి వరకు బీచ్ కోసం వెళ్లకండి. నీళ్లు 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటాయి. పగలు హాయిగానే ఉంటుంది కానీ రాతి ఇళ్లలో రాత్రిపూట చెమ్మతో కూడిన చలి ఎముకల దాకా వెళ్తుంది.

## 2. వీసా

మాల్టా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. మనకు కావాల్సింది టైప్ సి స్వల్పకాల వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది. కాబట్టి మూడు నెలల ముందు కదలండి. మన దేశంలో దరఖాస్తులు తీసుకునేది వీఎఫ్‌ఎస్ కేంద్రాలు. వేసవికి ముందు అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని.

రుసుము పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్లలోపు వారికి లేదు. వీఎఫ్‌ఎస్ సేవా రుసుము వేరే.

పనుల వరుస ఇదీ:

- పాస్‌పోర్టు చూసుకోండి. షెంగెన్ దేశాలు వదిలే తేదీ తర్వాత ఇంకా 3 నెలలైనా గడువుండాలి, గత 10 ఏళ్లలో జారీ అయినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.
- అపాయింట్‌మెంట్ తీసుకోండి.
- ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న హోటల్ బుక్ చేయండి.
- విమాన టికెట్లకు రిజర్వేషన్ కాగితం చాలు. వీసా చేతికి రాకముందే పూర్తి డబ్బు కట్టకండి.
- కనీసం 30,000 యూరోల వైద్యఖర్చు కవరేజీతో, షెంగెన్ అంతటా చెల్లే బీమా తీసుకోండి.
- బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఆఫీసు సెలవు లేఖ జత చేయండి.
- రోజువారీ ప్రణాళిక ఒక పేజీలో రాయండి. ఇందులో బీచ్‌కి తేదీ వేసినా పర్వాలేదు. తర్వాత మార్చుకుంటే ఎవరూ అడగరు.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది పేరు. మన పాస్‌పోర్టుల్లో చాలావాటికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, ఇంటిపేరు గివెన్ నేమ్‌లోనే కలిసిపోయి ఉంటుంది. హోటల్లో ఒకలా, బీమాలో ఒకలా, విమాన టికెట్‌లో ఇంకోలా రాస్తే కాగితాలు ముగ్గురు మనుషులవిలా కనిపిస్తాయి. పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరుసలో, అన్నిచోట్లా రాయండి. సర్‌నేమ్ లేనివాళ్లు టికెట్ కొనేముందు ఆ విమాన సంస్థ ఖాళీ గడిని ఎలా నింపమంటుందో అడిగి తెలుసుకోండి.

జర్మనీ, ఫ్రాన్స్ లాంటి షెంగెన్ దేశాల్లో నివాస అనుమతితో ఉంటున్న మన పిల్లలకు వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ వెంట ఉంటే 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. ఐర్లాండ్, బ్రిటన్‌లలో ఉన్నవారికి మాత్రం వీసా కావాలి. డబ్లిన్ నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణమే కదా అని టికెట్ కొనేసి, చివర్లో ఈ సంగతి తెలిసి కంగారుపడినవాళ్లు నాకు తెలుసు.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళ్తే షెంగెన్ తనిఖీ మాల్టాలో జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబర్ నుంచి యూరప్‌లో కొత్త ప్రవేశ విధానం మొదలైంది. వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకుంటారు కాబట్టి క్యూలు పొడుగవుతున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటిచోట విమానం మారేందుకు మూడు గంటలైనా పెట్టుకోండి.

## 3. హైపోజియం టికెట్ అన్నిటికంటే ముందు

హాల్ సఫ్లియెని హైపోజియం భూమి లోపలికి తొలిచిన సమాధి సముదాయం. ఐదారు వేల ఏళ్ల కిందటిది. మనుషుల ఊపిరిలోని తేమకే లోపలి ఎర్ర రంగు చిత్రాలు పాడవుతాయి కాబట్టి గంటకు పదిమందినే పంపుతారు. అందుకే రద్దీ నెలల్లో టికెట్లు చాలా వారాల ముందే అయిపోతాయి.

చిక్కు ఎక్కడంటే, వీసా రాకముందే ఈ టికెట్ కొనాల్సి వస్తుంది. నా సలహా ఇది. రాతి కట్టడాలంటే మీకు నిజంగా ఇష్టమైతే, డబ్బు తిరిగి రాదన్న లెక్కతోనే కొనేయండి. ఇష్టం అంతగా లేకపోతే వదిలేయండి, మిగతా కట్టడాలు చాలు. కొందామా మానదామా అని రెండు వారాలు ఊగిసలాడితే టికెట్ ఉండదు.

- ప్రభుత్వ సంస్థ హెరిటేజ్ మాల్టా అధికారిక సైట్‌లోనే కొనండి.
- అక్కడికి చేరిన రెండో రోజో మూడో రోజో ఉదయం వేళకు తీసుకోండి. దిగిన రోజుకు వద్దు, విమానం ఆలస్యమైతే పోయినట్టే.
- ఆరేళ్లలోపు పిల్లలను లోపలికి రానివ్వరు. ఇద్దరిలో ఒకరు బయట ఉండేలా చూసుకోండి.
- ఫొటోలు తీయనివ్వరు. ఫోను, సంచి బయటే వదలాలి.
- స్థలం పావోలా అనే మామూలు ఊళ్లో, ఇళ్ల వరుస మధ్యలో ఉంటుంది. పెద్ద గోపురమేదో కనిపిస్తుందని వెతక్కండి. పావుగంట ముందే చేరండి, ఆలస్యంగా వస్తే రానివ్వరు.

టికెట్ దొరకనివాళ్లకు ఒక దారి ఉంది. మర్నాటి సందర్శనకు కొన్ని టికెట్లను ముందురోజు పొద్దున రాజధాని వలెట్టాలోని సెయింట్ ఎల్మో కోట దగ్గర నేరుగా అమ్ముతారు. ధర ఎక్కువ. తలుపులు తెరవకముందే వెళ్లి నిలబడాలి.

## 4. ఎక్కడ దిగాలి

నాలుగు చోట్ల మధ్య ఎంచుకోండి.

స్లీమా, గ్జీరా: బస్సులు, వలెట్టాకు పడవ, దుకాణాలు అన్నీ దగ్గర. మొదటిసారి వెళ్లేవారికి ఇదే.

వలెట్టా: సాయంత్రాలు అందంగా ఉంటాయి. పాత ఇళ్లలో లిఫ్టు ఉండకపోవచ్చు, వీధులన్నీ మెట్లూ ఎత్తుపల్లాలూ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే వద్దు.

మెల్లీహా: చిన్నపిల్లలుంటే ఇది. దీవిలో అతిపెద్ద ఇసుక బీచ్ నడక దూరంలోనో ఒక బస్సు దూరంలోనో ఉంటుంది.

పాచెవిల్: తెల్లారేదాకా పబ్బుల్లో ఉండేవాళ్లకే. నిద్ర కావాలనుకునేవాళ్లు కనీసం పదిహేను నిమిషాల నడక దూరంలో గది తీసుకోండి.

గది బుక్ చేసేముందు యజమానిని మూడు ప్రశ్నలు అడగండి. ఏసీకి వేరే డబ్బులా? లిఫ్టు ఉందా? పక్కన భవన నిర్మాణం జరుగుతోందా? మూడోది మరీ ముఖ్యం. మాల్టాలో కొత్త భవనాల పని ఎడతెరిపి లేకుండా సాగుతుంటుంది. పొద్దున్నే డ్రిల్లింగ్ మోతతో లేచిన రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి.

## 5. పెట్టెలో ఏముండాలి, ఏముండకూడదు

ఉండాల్సినవి:

- రబ్బరు అడుగున్న నీటి చెప్పులు. మాల్టాలో సగం 'బీచ్'లు ఇసుక కావు, రాళ్లు. సందుల్లో ముళ్లతో ఉండే సముద్రపు జీవులుంటాయి.
- మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్ అడాప్టర్. కరెంటు 230 వోల్టులే, మన ప్లగ్ మాత్రం పట్టదు.
- చర్చిల కోసం భుజాలు కప్పే చున్నీ, మోకాళ్లు దాటే బట్ట.
- జారని చదునైన బూట్లు. వలెట్టా వీధి రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి.
- టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ల సీసా.
- ఈత రానివారికి, పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్. అక్కడ కొనొచ్చు గానీ సరైన సైజు కోసం తిరగడం దండగ.

ఉండకూడనివి మనవాళ్లకు మనసు ఒప్పదు గానీ, నియమం నియమమే. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఏవీ పెట్టకండి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి, చింతపండు పులిహోర గుజ్జు లాంటివి గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ పెట్టెలో పెట్టుకోవచ్చు.

## 6. దిగిన రోజు

ఎయిర్‌పోర్టు బయటే బస్సులుంటాయి. ఏడు రోజుల ఎక్స్‌ప్లోర్ కార్డు అక్కడే తీసుకోండి. రోజుకు మూడు నాలుగు బస్సులెక్కేవారికి ఇది లాభం. విడి టికెట్ కొంటే రెండు గంటలు చెల్లుతుంది, ఆలోపు బస్సు మారొచ్చు.

బస్సు ఆగాలంటే చెయ్యి చాపాలి. చూస్తూ నిలబడితే వెళ్లిపోతుంది. నిండితే ఆగదు, అందుకే వేసవిలో బీచ్ బస్సులను మొదటి స్టాపుకే వెళ్లి ఎక్కాలి.

ఊళ్ల పేర్లు చదవడానికి చిన్న కిటుకు. బోర్డు మీద ఇంగ్లిష్ 'ఎక్స్' కనిపిస్తే 'ష' అని, 'జె' కనిపిస్తే 'య' అని పలకండి. 'క్యూ' గొంతులో చిన్న ఆపు మాత్రమే, 'క' అని పలకకండి. ఇంగ్లిష్ అందరికీ వచ్చు కాబట్టి దారి అడగడానికి మొహమాటపడకండి.

బస్సు గంటలో పదిహేను కిలోమీటర్లు కూడా కదలని సాయంత్రాలుంటాయి. వలెట్టా, స్లీమా మధ్య రోడ్డు మానేసి పడవ ఎక్కండి. బోల్ట్, ఊబర్, ఈక్యాబ్స్ యాప్‌లు పనిచేస్తాయి.

కారు అద్దెకు తీసుకోవాలా? బండ్లు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి, ఆ ఇబ్బంది లేదు. ఇబ్బంది పార్కింగ్‌తో. గోజోలో ఒక రోజుకు తీసుకోండి, పెద్ద దీవిలో వద్దు.

## 7. రోజును రెండు ముక్కలు చేయండి

ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటించే ఓపిక ఉంటే దీన్ని పాటించండి. ఉదయం ముక్కకు తేదీ వేయండి, మధ్యాహ్నం తర్వాతి ముక్కను ఖాళీగా వదలండి.

ఉదయాలు కట్టడాలవి. చల్లగా ఉంటుంది, గుంపులు రావు, టికెట్ వేళలు కుదురుతాయి. మూడు గంటల తర్వాత సముద్రం. ఏ సముద్రమన్నది ముందురోజు రాత్రి గాలిని చూసి తేల్చుకోండి. కొమీనో, గోజోలకు మాత్రం ఒక్కో పూర్తి రోజు కావాలి. వాటికీ తేదీ ముందే వేయకండి.

ఐదు రోజుల చట్రం ఇలా ఉండొచ్చు:

- మొదటి రోజు ఉదయం వలెట్టా: సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ చర్చి, పురావస్తు మ్యూజియం.
- రెండో రోజు ఉదయం హైపోజియం, అక్కడి నుంచి పడవల ఊరు మార్సషలోక్.
- మూడో రోజు ఉదయం హజార్ ఈమ్, ఇమ్నైద్రా రాతియుగపు గుళ్లు. సాయంత్రం పాత కోట ఊరు ఇమ్దీనా.
- మిగిలిన రెండు రోజులు గోజో, కొమీనో. ఇవి గాలి అనుకూలించిన చోటికి జరుగుతాయి. మొదటి రోజే సముద్రం అద్దంలా ఉంటే కొమీనోను ముందుకు తెచ్చి, వలెట్టాను వెనక్కి నెట్టండి. హైపోజియం ఒక్కటీ కదలదు.

ఆదివారం ఏ రోజు పడుతుందో చూసుకోండి. కో-కెథడ్రల్‌లోకి ఆ రోజు పర్యాటకులను రానివ్వరు. మార్సషలోక్‌లో ఆదివారం సంత ఉంటుంది. చేపల వరుసలు చూడాలంటే ఎనిమిదిలోపు వెళ్లాలి. పదకొండుకు వెళ్తే కనిపించేది జనమే.

## 8. గాలిని చూసి బీచ్ ఎంచుకోవడం

మధ్యధరాలో మన బంగాళాఖాతంలా పెద్ద ఆటుపోట్లు ఉండవు. అలను నడిపేది గాలి. మాల్టావాళ్లు ఒక్కో గాలికి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఫోన్‌లో వాతావరణ యాప్ తెరిచి గాలి ఎటునుంచి వస్తోందో చూడండి. ఈశాన్యం, వాయవ్యం మనకు ఇంటి లెక్కల్లో అలవాటైన మాటలే కాబట్టి గుర్తుపెట్టుకోవడం తేలిక.

వాయవ్య గాలి, మయ్యిస్ట్రాల్. ఎక్కువగా వీచేది ఇదే. గోల్డెన్ బే, ఆయిన్ టుఫీహా, ఇజ్నేనా బీచ్‌లు పడమటి తీరంలో ఉన్నాయి కాబట్టి అలలు నేరుగా కొడతాయి, లోపలికి లాగే ప్రవాహాలు పుడతాయి. గోజోలోని రమ్లా కూడా ఆ రోజు వద్దు. ఆగ్నేయ తీరానికి వెళ్లండి. ప్రెట్టీ బే ఇసుక తీరం, సెయింట్ పీటర్స్ పూల్ రాతి మడుగు.

ఈశాన్య గాలి, గ్రిగాల్. మెల్లీహా, స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు అలలు లేస్తాయి. పడమటి తీరానికి, అంటే గోల్డెన్ బేకి వెళ్లండి.

ఆగ్నేయ గాలి, షలోక్. ఆఫ్రికా వైపు నుంచి వచ్చే ఉక్కపోత గాలి. సెయింట్ పీటర్స్ పూల్, ప్రెట్టీ బే మానేసి పడమరకే వెళ్లండి.

గాలి ఆగిన మర్నాడు కూడా అల ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని దిగిపోకండి.

ఇక ఎవరికి ఏ బీచ్ అన్నది. చిన్నపిల్లలు, ఈత రాని పెద్దలు ఉంటే మెల్లీహా. చాలా దూరం వరకు నీళ్లు నడుము దాటవు. సూర్యాస్తమయం కోసం గోల్డెన్ బే, దాని పక్కనే ఆయిన్ టుఫీహా. రెండోదానికి సుమారు 200 మెట్లు దిగాలి, ఎక్కాలి. అందుకే అక్కడ జనం తక్కువ, నాకు అదే ఇష్టం. సెయింట్ పీటర్స్ పూల్ ఈత బాగా వచ్చినవారికే. రాతి అంచు నుంచి దిగగానే లోతు.

జెండాలు ఇలా చదవండి:

- పసుపు: జాగ్రత్తగా దిగొచ్చు. ఈత రానివారు వద్దు.
- ఎర్ర జెండా: దిగకూడదు.
- రెండు ఎర్ర జెండాలు: నీళ్లలోకి ప్రవేశం మూసేశారు.
- ఊదా: జెల్లీ చేపలు వంటివి ఉన్నాయి.

జెల్లీ చేప కుడితే సముద్రపు నీటితోనే కడగండి. మంచినీళ్లు పోయొద్దు, ఇసుకతో రుద్దొద్దు. లైఫ్‌గార్డ్ దగ్గరికో మందుల షాపుకో వెళ్లండి.

చీర, చుడీదార్, జీన్స్‌తో నీళ్లలో దిగడం మనకు అలవాటు. తడిసిన బరువైన బట్ట కాళ్లకు చుట్టుకుంటుంది. ఒళ్లు కప్పుకోవాలనుకునేవారు నైలాన్ లెగ్గింగ్స్, పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. అటు ఎండ నుంచి కూడా రక్షణ. ఈత బట్టలతోనే ఊరి వీధుల్లో, బస్సుల్లో తిరగడం అక్కడివాళ్లకు నచ్చదు.

## 9. కొమీనో, గోజో

కొమీనోలోని బ్లూ లగూన్‌కి 2025 నుంచి ముందస్తు బుకింగ్ ఉంది. ఉచితమే, ఆన్‌లైన్‌లో పూట ఎంచుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది. పడవ టికెట్ కొన్నంత మాత్రాన సరిపోదు, ఇది కూడా ఉండాలి. రెండు రోజుల ముందు గాలి చూసి బుక్ చేయండి. పొద్దుటి పూట మొదటి పడవకే వెళ్లండి, లేదంటే సాయంత్రం పూట తీసుకోండి. మధ్యాహ్నం నీళ్ల రంగు కంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు. దీవిలో నీడ దాదాపు లేదు, నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లండి.

గోజోకి చిర్కెవా రేవు నుంచి పెద్ద ఫెర్రీ, 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, గోజో నుంచి తిరిగొచ్చేటప్పుడే కొంటారు. గాభరాపడి కౌంటర్ కోసం వెతక్కండి. వలెట్టా నుంచి నేరుగా వేగపు పడవ కూడా ఉంది, ముప్పావు గంట. సముద్రం బాగోలేకపోతే అది ఆగిపోతుంది, అప్పుడు చిర్కెవా దారే గతి.

గోజోలో వరుస: పొద్దున్నే జిగాంతియా గుళ్లు, తర్వాత విక్టోరియా ఊళ్లోని చిట్టదెల్లా కోట, మధ్యాహ్నం రమ్లా ఎర్ర ఇసుక, సాయంత్రం ఉప్పు మడులు. ద్వైరా దగ్గరి 'అజూర్ విండో' రాతి తోరణం 2017 మార్చి 8న తుఫానులో కూలిపోయింది. ఇప్పటికీ ఆ బొమ్మ పెట్టి టూర్లు అమ్ముతుంటారు. అక్కడి ఇన్‌లాండ్ సీ అనే సముద్రపు మడుగు మాత్రం చూడదగ్గదే.

## 10. కట్టడాల దగ్గర

కో-కెథడ్రల్‌లో నేలంతా రంగు చలువరాతి సమాధి ఫలకాలే. సన్నటి హీల్స్‌తో రానివ్వరు. చాలామంది పైకప్పు చూస్తూ నడిచేస్తారు. ముందు ఒరేటరీ అనే ప్రార్థన గదికి వెళ్లండి. ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1608లో గీసిన 'సెయింట్ జాన్ శిరచ్ఛేదం' అక్కడుంది. ఆయన సంతకం చేసిన ఒకే ఒక్క చిత్రం అది, నేల మీద ఒలికిన రక్తంలో ఆ సంతకం ఉంటుంది. గుంపులు రాకముందు దాని ఎదుట పది నిమిషాలు కూర్చోండి.

అక్కడి నుంచి అప్పర్ బరక్కా తోటకు నడిచి, పన్నెండు గంటల ఫిరంగి పేలుడు చూసి, లిఫ్టులో రేవుకు దిగి పడవలో అవతలి ఒడ్డున ఉన్న పాత ఊరు బిర్గు వెళ్లండి. ఒకటే గీత, వెనక్కి తిరగక్కర్లేదు.

హజార్ ఈమ్, ఇమ్నైద్రా మధ్య అర కిలోమీటరు పల్లం. వెళ్లేటప్పుడు సులువు, వచ్చేటప్పుడు ఎక్కాలి. దగ్గర్లోని బ్లూ గ్రోటో గుహల పడవలు అల లేనప్పుడే తిరుగుతాయి కాబట్టి ముందు అవి నడుస్తున్నాయో లేదో చూసి, తర్వాత గుళ్లకు రండి.

నాలుగైదు మ్యూజియంలు చూసేవారు హెరిటేజ్ మాల్టా ఉమ్మడి పాస్ తీసుకోండి. అందులో హైపోజియం, కో-కెథడ్రల్ రావు.

## 11. రాత్రి

పాచెవిల్ ఒక్కటే రాత్రి జీవితం అనుకుంటే సగం పోగొట్టుకున్నట్టే. పాటలు, వైన్, నిదానంగా మాట్లాడుకోవడం కావాలంటే వలెట్టాలోని స్ట్రెయిట్ స్ట్రీట్. తెల్లారేదాకా నాట్యం కావాలంటే పాచెవిల్. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తే ఏదో ఒక ఊళ్లో ఫెస్టా తప్పక ఉంటుంది. ఊరిని కాపాడే పునీతుడి విగ్రహం ఊరేగింపు, బ్యాండు మేళం, వీధి తోరణాలు, బాణసంచా. మన జాతరలు తెలిసినవాళ్లకు అక్కడ పరాయితనం అనిపించదు. డబ్బు కట్టక్కర్లేదు, పిల్లలతో వెళ్లొచ్చు. నా ఓటు దీనికే.

పాచెవిల్ వెళ్లేవారికి:

- మద్యానికి చట్టబద్ధ వయసు 17. గుర్తింపు కాగితం అడుగుతారు. పాస్‌పోర్టు గదిలో ఉంచి, దాని నకలు, ఇంకో ఫొటో గుర్తింపు కార్డు వెంట పెట్టుకోండి.
- కార్డుకు రోజు పరిమితి పెట్టుకోండి. 'రండి, ప్రవేశం ఉచితం' అని వీధిలో చెయ్యి పట్టుకుని పిలిచే నాట్య క్లబ్బుల్లోకి వెళ్లకండి. మత్తులో కార్డు గీయించి వేల యూరోల బిల్లు వేసిన కేసులు కోర్టుల దాకా వెళ్లాయి.
- గ్లాసును వదిలి వెళ్లకండి. వదిలితే మళ్లీ దాన్ని తాగకండి.
- తిరిగెళ్లే దారి ముందే తేల్చుకోండి. శుక్ర, శని రాత్రుల్లో రాత్రి బస్సులుంటాయి. మిగతా రోజుల్లో యాప్ క్యాబ్.
- తాగి సముద్రంలో దిగకండి, రాతి అంచుల మీద కూర్చోకండి.
- అత్యవసర నంబర్ 112.

మర్నాడు ఉదయం హైపోజియం టికెట్ ఉంటే ముందు రాత్రి పాచెవిల్ వద్దు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడమే చాలామంది చేసే తప్పు.

## 12. తిండి

శాకాహారులకు కష్టం లేదు గానీ అడగడం తప్పదు. పస్తిత్సి అనే పొరల కజ్జికాయలాంటిది అన్నిచోట్లా దొరుకుతుంది, చీజ్‌తోనో బఠాణీతోనో. పిండిలో పంది కొవ్వు వాడారా అని అడగండి. హోబ్స్ బిజెయిత్ అనే రొట్టెలో మామూలుగా ట్యూనా చేప పెడతారు, వద్దంటే తీసేస్తారు. బిగిల్లా అనే చిక్కుడుగింజల ముద్ద మన నోటికి బాగా నచ్చుతుంది. వెల్లుల్లి, కారం ఉంటాయి. 'ఫెనెక్' అని ఉంటే కుందేలు మాంసం.

కుళాయి నీళ్లు తాగొచ్చు, రుచి మాత్రం బాగోదు. సీసా నీళ్లు కొంటే ఒక్కో సీసాకు 10 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు. ఖాళీ సీసాను నలపకుండా సూపర్‌మార్కెట్ బయటి యంత్రంలో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.

## 13. తప్పు జరిగితే

*బీచ్ మూసేశారు:* దీవి అవతలి తీరానికి వెళ్లండి. బస్సులో గంటన్నర పడుతుందంటే క్యాబ్ పంచుకోండి.

*బ్లూ లగూన్‌లో చోటు లేదు:* సాయంత్రం పూట ప్రయత్నించండి. అదీ లేకపోతే ఆ రోజును గోజోకు మార్చండి.

*ఎండ భరించలేకపోతే:* ఆ మధ్యాహ్నం మ్యూజియంలకు ఇచ్చేయండి. వలెట్టా పురావస్తు మ్యూజియంలో 'నిద్రిస్తున్న స్త్రీ' మట్టి బొమ్మ అరచేతిలో పట్టేంత ఉంటుంది. అది దొరికింది హైపోజియంలోనే.

*పాస్‌పోర్టు పోయింది:* వెంటనే పోలీసు ఫిర్యాదు నకలు తీసుకోండి, తర్వాత భారత హైకమిషన్‌ను సంప్రదించండి. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు మెయిల్‌లో దాచి ఉంటే పని సగం తగ్గుతుంది.

## 14. బయల్దేరే రోజు

- సముద్రస్నానం మధ్యాహ్నం విమానమైతే వద్దు, రాత్రి విమానమైతే ఉదయం పదిలోపు. తడి బట్టలు ఆరాలి.
- ఖాళీ సీసాలు యంత్రంలో వేసేయండి.
- తేనె, ఆలివ్ నూనె సీసాలు చెకిన్ పెట్టెలో. గోజో ఉప్పు పొట్లాలు కూడా అందులోనే, చేతిసంచిలో పెడితే తనిఖీలో విప్పించి చూస్తారు.
- హోటల్‌లో రాత్రికి ఇంత అని చిన్న పర్యావరణ రుసుము ఉంటుంది. కట్టారో లేదో ముందురోజు రాత్రే అడగండి.
- వేసవిలో ఎయిర్‌పోర్టు బస్సు పెట్టెలతోనే నిండిపోయి స్టాపుల్లో ఆగకుండా వెళ్తుంది. పెట్టెలు రెండుకు మించి ఉంటే క్యాబ్ ముందురోజే బుక్ చేసుకోండి. బస్సులోనే వెళ్లాలంటే లెక్క ప్రకారం ఎక్కాల్సినదానికంటే రెండు బస్సుల ముందుదానికి స్టాపులో ఉండండి.